నేను దిద్దిన ముగ్గు

మా ఎదురింటి అత్త పోయిందని నిన్న పొద్దున ఆమె కొడుకొచ్చి చెప్పినాడు. మెట్టు కనబడక పడి, వారం మంచంలో ఉండి పోయింది. ఆమె గురించి మీకు చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పాల్సిందే.

చిత్తూరుకు కోడలిగా వచ్చిన కొత్తలో నాకు చుక్కల ముగ్గు నేర్పించింది ఆమే. ఇరవై ఒక్క చుక్క పెట్టినా వరుస నూలు పట్టినట్టుండేది. నా ముగ్గు చూసి, "కోడి గెలికినట్టుండాది గదమే!" అని కాలితో చెరిపేసేది. ఒళ్లు మండేది నాకు. అయినా ఈరోజు నా వాకిట నాలుగు గీతలు తిన్నగా పడతాయంటే ఆమె పుణ్యమే.

డెబ్బై దాటినాక ఆమె వరుసలే వంకర పోయినాయి. గీత చుక్కను తప్పి పడేది. వీధిలో ఆడోళ్లు నవ్వుకున్నారు. వయసు గదా, శుక్లాలేమో అనుకున్నాను. ఆమె పరువు పోకూడదని, లోపలికి పోగానే తడిగుడ్డతో తుడిచి నేనే దిద్దేదాన్ని. కొడుకు లేచేసరికి ముగ్గు చక్కగా ఉండేది. ఇట్లా ఏడాది.

ఒకసారి మళ్లీ బయటికొచ్చి, "ఎవుడో ఎదవ తొక్కినాడు సూడు, గీతలన్నీ మెలికపోయినాయి" అని పాలాయన్ను తిట్టింది. నేను తిన్నగా దిద్దిన గీతలవి. అప్పుడన్నా నా మట్టిబుర్రకు తట్టలేదే!

ఎదుటి మనిషి మొగం కనబడకుండా పోయినాక తిరుపతికి తీసుకపోయినాము. "కంటి వెనక సన్న రక్తనాళాలు చిట్లి, నెత్తురు ఊరి, చూపు నడిమిన మచ్చ కట్టేసింది. మొదట్లోనే వచ్చింటే ఇంజెక్షన్లతో నిలిపేవాళ్లం. గీతలు వంకరగా కనబడేది అప్పుడే. ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అన్నాడు డాక్టరు.

"మొన్నటిదాకా ముగ్గు బ్రహ్మాండంగా ఏసేది సార్" అన్నాడు కొడుకు.

నేను అత్త చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకొచ్చినాను.

ఆ తర్వాత రోజూ పోయి కూర్చునేదాన్ని. "ఎదురుగా ఉంటే నీ మొగం కాడ నల్లమచ్చే మే. పక్కకు జరుగు, రవ్వంత కనబడతావు" అనేది. జరిగేదాన్ని. ఒకరోజు చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అంతలో ఆమే, "దేవుడు కండ్లు తీసుకుంటే తీసుకున్నాడు గానీ, కడదాకా నా ముగ్గు తప్పనీలేదు మే" అని మురిసిపోయింది. ఇంక ఏం చెప్పేది?

నిన్న ఆమె వాకిట ముగ్గు లేదు. కడసారి మొగం చూసుకోమన్నారు. పోయి ఎదురుగా నిలబడినాను. నాకు తెలీకుండానే కాళ్లు పక్కకు జరిగినాయి.