ఒకటి పెరిగిందండి

మా ఇంట్లో గాజు పగిలింది అనకూడదు. పెరిగింది అనాలి. చేతి గాజైనా, మంచినీళ్ల గ్లాసైనా అంతే. మా ఆవిడ పుట్టిల్లు ఆనందపురం పక్క పల్లె. ఆ పట్టింపు ఆవిడతోపాటే గాజువాకలోని మా ఇంటికి వచ్చింది. మొదట్లో వెక్కిరించాను. తర్వాత నాకూ అదే అలవాటైపోయింది.

నా పిచ్చి ఫిన్లాండు గాజు. డెబ్బై ఏళ్ల కిందట అక్కడ చేసిన ఫ్లవర్ వాజులు. వాటిలో పువ్వు పెట్టడానికి కూడా నాకు మనసొప్పదు. పాత ఓడల సామాను అమ్మే దుకాణాల్లో ఒకటీ అరా దొరికేవి, మిగతావి పార్సిల్లో తెప్పించుకునేవాణ్ణి. అడుగున చేసినవాడు గీకిన సంతకం కనబడితే చాలు, ఆ పూట ఆకలి గుర్తుండేది కాదు.

వాటిలో బుడగ వాజు నాకు ప్రాణం. కరిగిన గాజు ముద్దలో తడిపుల్ల గుచ్చితే, ఆ తడి ఆవిరై లోపల బుడగ లేస్తుందట. మా ఆవిడ దాన్ని ముట్టుకునేది కాదు. లోపల ఏదో ఊరుతున్నట్టుంది, చూస్తేనే భయమేస్తోంది అనేది. నాకు చిరాకొచ్చేది.

మా ఇంటి వెనక పట్టాల మీద ముడి ఇనుము గూడ్సు బండి వెళ్లినప్పుడల్లా షోకేసులో వాజులన్నీ సన్నగా మోగేవి. ఆ అదురుకి రెండు పోయాయి. రెండుసార్లూ ఆవిడ నా ఆఫీసుకి ఫోన్ చేసి, ఒకటి పెరిగిందండి అని చెప్పింది. రెండుసార్లూ నేను ఏది అనే అడిగాను. చెయ్యి తెగిందా అని అడగలేదు.

ఆ ఏడాదే ఆవిడ ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలింది. డాక్టరమ్మ చూసి, మూడు నెలలాగి మళ్లీ స్కాన్ చేద్దాం, పెరగకపోతే భయం లేదు అంది. ఆ మూడు నెలలూ ఆవిడ స్నానం చేసి వచ్చి, షోకేసు అద్దం ముందు ఒక్క క్షణం ఆగేది. నేను చూసీ చూడనట్టు ఉండేవాణ్ణి. నాకు భయం, ఇంకేం కాదు.

స్కాన్ రోజు పొద్దున్నే ఓడ సామాను దుకాణదారు ఫోన్ చేశాడు. "బావా, నువ్వు సెప్పిన దేశం గాజు ఒకటొచ్చింది. బేగి రా." మా ఆవిడను ఆటో ఎక్కించి, అరగంటలో వెనకాలే వస్తానన్నాను. ఆవిడ నా వంక చూసింది.

దుకాణం గుమ్మంలో వాజును ఎండకు పట్టి, అడుగున గీతలు చదువుతూ నిలబడ్డాను. అరగంట ఎప్పుడు దాటిందో తెలీదు. ఫోన్ మోగింది.

"పెరిగిందండి" అంది మా ఆవిడ.

"ఏది? బుడగదా?" అన్నాను. నా కంగారంతా వాజు కోసం.

మెల్లగా, "నాను ఇంటికాడ లేనండి. డాక్టరమ్మ గది బయట కూకున్నాను" అంది.

చేతిలో వాజు ఎక్కడ పెట్టానో, ఆసుపత్రికి ఎలా వెళ్లానో గుర్తులేదు. సిగ్గు మాత్రం గుర్తుంది. ఆపరేషన్ అయింది, మందులు నడుస్తున్నాయి. వచ్చే నెల మళ్లీ స్కాన్.

మొన్న గూడ్సు అదురుకి ఇంకొకటి పోయింది. ఒకటి పగిలిపోయిందండి అని వంటింట్లోంచే చెప్పింది. పగిలింది అన్న మాట ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. ఏది అని నేను అడగలేదు.