ఎలుకలేమన్నా సిగరెట్టు తాగాయా?

కోపం వస్తే నా గొంతు దానంతటదే లేస్తుంది. ఇప్పటికీ అంతే. ఆ గొంతుతోనే రాయచూరులో మా నాయన దర్జీ కొట్టు తలుపు తెరిపించాను. అందుకు నాకేమీ సిగ్గు లేదు.

కొట్టంటే మా ఇంటి ముందుగదే. కాలువ నీళ్ళు వచ్చాక సింధనూరు వైపు వలసొచ్చి స్థిరపడ్డ ఆంధ్రా రైతులు బస్సెక్కి వచ్చి చొక్కాలు కుట్టించుకుపోయేవాళ్ళు. పని పెరిగింది, నాయన బీడీ మానేసి సిగరెట్టుకు ఎదిగాడు. రెండు చేతులూ మిషన్ మీద, సిగరెట్టు పెదవుల మధ్య. పక్కనే పీట మీద కూర్చుని అమ్మ కాజాలు కుట్టేది. గాలికి కత్తిరించిన ముక్కలు ఎగిరిపోతాయని కిటికీ ఎప్పుడూ మూసే ఉండేది. అమ్మ దగ్గితే నాయన పాపం లేచి తలుపు కూడా మూసేవాడు, చల్లగాలి పడక దగ్గొస్తోందని. ప్రేమతోనే మూసేవాడు. నాకు మంటంతా అదే.

రానురాను అమ్మకు ఆయాసం మొదలైంది. బిందె ఎత్తుకుని నాలుగడుగులు వేస్తే కూలబడేది. బట్టల పీచు లోపలికి పోతోందని ఒకరు, ఉపవాసాలు ఎక్కువయ్యాయని ఇంకొకరు. సిగరెట్టు పేరు ఒక్కరూ ఎత్తలేదు. తాగేది ఆమె కాదు కదా!

నేనప్పుడు కళాశాలలో జంతుశాస్త్రం చదువుతున్నాను. పొగ ఏం చేస్తుందో కళ్ళకు చూపించాలని మా లెక్చరరు గారి పట్టుదల. తెల్ల చిట్టెలుకలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపును రోజూ కాసేపు గాజుపెట్టెలో ఉంచి రబ్బరు గొట్టంతో సిగరెట్టు పొగ వదిలేవారు. రెండో గుంపుకు మామూలు గాలి. నెలల తరబడి అలా సాగించి, చివరికి కోసి సూక్ష్మదర్శిని కింద చూపించారు. మామూలు గాలి పీల్చిన ఎలుక ఊపిరితిత్తిలో గాలి గదులు జల్లెడ కన్నాల్లా సన్నగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. పొగ పీల్చినదాంట్లో అంతా వాపు. గదుల గోడలు తెగి, చిన్నవన్నీ కలిసిపోయి పెద్ద పెద్ద బొక్కలయ్యాయి.

"పొగ ఆపితే వాపు కొంత తగ్గొచ్చమ్మా. తెగిన గోడ మాత్రం మళ్ళీ రాదు," అన్నారాయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ గాజుపెట్టె మా కొట్టు కాక మరేమిటి?

నేరుగా ఇంటికొచ్చి తలుపు, కిటికీ బార్లా తెరిచాను. బల్ల మీది ముక్కలు చెల్లాచెదురయ్యాయి.

"ఏందే, పిచ్చి లేసిందా నీకు?" అన్నాడు నాయన.

చూసిందంతా చెప్పాను. ఆయన నవ్వాడు.

"ఎలుకల ముచ్చట నాకు చెప్పొచ్చినవా? గింతంత పానం, గంత పొగకు ఆగుతదా? అయినా మీ అమ్మ ఎన్నడన్న ఒక్క దమ్ము కొట్టిందా?"

"ఎలుకలేమన్న కొట్టినయా నాయనా? అగ్గిపుల్ల గీసినయా? పెట్టెల కూసున్నయి, గంతే! అమ్మ గూడ కూసున్నది!"

ఆయన చేతిలో గజంబద్ద లేచింది. "ఆడపిల్లవు, నాకే ఎదురు మాట్లాడ్తవా?"

"మాట్లాడ్త. కొట్టు. కొట్టినంక గూడ గదే మాట అంట."

అప్పటిదాకా తలెత్తని అమ్మ దారం కొరికి తెంపింది. పీట చంకన పెట్టుకుంది, సూదుల డబ్బా పట్టుకుంది. గడప దగ్గర ఊపిరి అందక కాసేపు ఆగింది. అయినా బయటికి వెళ్ళి వీధి అరుగు మీద కూర్చుంది.

"బజార్ల కూసొని కుడ్తవా? మన ఇజ్జత్ ఏం గావాలె?" అని నాయన అరిచాడు. అమ్మ కాజా మొదలుపెట్టింది.

మర్నాడు చొక్కా కోసం వచ్చిన ఆంధ్రా రైతు ఆశ్చర్యపోయాడు. "ఏంటమ్మా, ఎండలో కూర్చున్నారు?"

"లోపట పొగున్నది," అంది అమ్మ, వీధంతా వినేలా.

తర్వాత దగ్గు తగ్గింది. ఆయాసం పోలేదు. పోదని నాకు ముందే తెలుసు, అయినా ఆమె బిందె ముందు కూలబడినప్పుడల్లా ఏడుపాగేది కాదు.

చలికాలం వచ్చింది. ఒక సాయంత్రం నాయన సిగరెట్టుతోనే గడపలోకి వచ్చాడు. "లోపటికి రాయే. చల్లగాలి నీకు పడది," అన్నాడు మెత్తగా.

అమ్మ సూదిలో దారం ఎక్కిస్తూనే చెప్పింది. "నాకు మిగిలిన ఊపిరి గింతే. గిదన్న మీ పొగకు ఇయ్యను. రావాల్నంటే మీరే రాండ్రి బయటికి. గా సిగరెట్టు ఆర్పి రాండ్రి."

నాయన సిగరెట్టు ఆర్పకుండా గడపలోనే నిలబడ్డాడు. అమ్మ పీట లోపలికి జరపలేదు.