రాహుకాలం కాపాడిన కీబోర్డు

2023లో, నవరాత్రులు దగ్గర పడుతున్న రోజుల్లో జరిగింది ఇది. మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో నాది సంగీతం వాయించే కీబోర్డులు, ఆంప్లిఫయర్లు రిపేరు చేసే చిన్న షాపు. ఆంప్లిఫయర్ అంటే వాయిద్యం శబ్దాన్ని పెద్దది చేసి స్పీకరుకు పంపే పెట్టె. ఈ మధ్య నా బల్ల మీదికి వచ్చేవాటిలో చాలావరకు పాతవే, ఫోన్‌లో ప్రకటన చూసి ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గర కొన్నవి. డబ్బంతా కట్టేశాక నా దగ్గరికి తెచ్చి, "బాగుందా సార్?" అని అడుగుతారు. పెళ్ళయ్యాక జాతకం చూపించినట్టు ఉంటుంది నాకు.

ఆ శుక్రవారం పొద్దున కమలక్క వచ్చింది. సౌకార్‌పేటలో వాళ్ళది స్టీలు పాత్రల హోల్‌సేల్ అంగడి, తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. ఏటా వాళ్ళింటి బొమ్మల కొలువులో కమలక్క పాట వినడానికి వీధంతా కదిలి వచ్చేది. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత ఆ గొంతు పోయింది. మాట బొంగురుగా వస్తుంది గానీ పాట రాదు. పోయిన ఏడాది అసలు కొలువే పెట్టలేదని విన్నాను.

"గోపాలూ, కీబోర్డు స్టాండు ఒకటి ఇయ్యి," అంది.

"ఎవరికక్కా?"

"నాకే. గొంతు పోతే పోయింది, వేళ్ళుండాయి గదా. పక్కింటి టీచరమ్మ కీబోర్డు మీద నేర్చుకుంటా ఉండాను. ఈసారి కొలువులో నేను వాయించాల. అది కాలేదంటే అటక మీద బొమ్మల్ని ఇంక దించేది లేదు."

నవ్వుతూనే మొదలుపెట్టింది గానీ చివరి మాటకు ఆ నవ్వు లేదు. నాకు మనసు చివుక్కుమంది.

ఫోన్ తీసి ఒక ప్రకటనలో ఫోటో చూపించింది. మంచి కంపెనీ కీబోర్డు, గీత కూడా లేదు, కొత్తదాని ధరలో మూడో వంతుకే ఇస్తున్నాడు అమ్మేవాడు.

"ఆడ కోయంబత్తూరులో ఉండాడు. మన తెలుగోడే. 'అమ్మా, మనోళ్ళకు గాక ఇంకెవరికి ఇస్తాను' అన్నాడు. డబ్బు ముందే పంపిస్తే కొరియర్‌లో వేస్తాడంట."

"పంపేశావా అక్కా?"

"ఇంకా లేదు. పన్నెండు దాకా రాహుకాలం గదా!"

నాకు రాహుకాలం మీద నమ్మకం లేదు. ఆ రోజు మాత్రం లోలోపల దండం పెట్టుకున్నాను.

మద్రాసు తెలుగువాళ్ళకు ఇదొక బలహీనత. వీధిలో తమిళం, ఆఫీసులో తమిళం, ఇంట్లో పిల్లల నోట కూడా తమిళమే. అలాంటిచోట ఎవరైనా "బాగుండారా అమ్మా" అంటే చాలు, కరిగిపోతాం. గరిటె బేరానికి గంటసేపు వాదించే కమలక్క, కంటితో చూడని సరుక్కి మొత్తం డబ్బు ఇవ్వడానికి సిద్ధపడిందంటే ఆ 'అమ్మా' అన్న పిలుపే కారణం.

"ఒక్కసారి వీడియో కాల్ చేయించక్కా. కీబోర్డు ఆన్ చేసి సరిగమ వాయించమను, చాలు," అన్నాను.

కాల్ చేసింది. అవతలివాడి కెమెరా పని చేయడం లేదట. కీబోర్డు ప్యాక్ అయిపోయిందట. కోయంబత్తూరులో మా వాళ్ళున్నారు, వచ్చి చూస్తారని కమలక్క అంటే, తను ఎయిర్‌పోర్టులో ఉన్నాడట.

"మీకు నా మీద నమ్మకం కుదరలేదమ్మా," అని బాధపడ్డాడు. "సరే, నేనే మీకు ముందు వెయ్యి రూపాయలు పంపిస్తా. ఫోన్‌లో వస్తుంది, మీ పిన్ కొట్టండి, అంతే."

కమలక్క వేలు ఫోన్ మీదికి పోయింది. నేను నోరు తెరిచేలోపే ఆ వేలు ఆగిపోయింది.

"ఏంది నాయనా, నాకు డబ్బు వచ్చేదానికి నా పిన్ను ఎందుకు? మా అంగట్లో డబ్బు కట్టేవాడు గల్లాపెట్టె తాళం అడగడే!"

ఫోన్ కట్ అయింది. వాడు పంపింది కలెక్ట్ రిక్వెస్ట్, అంటే డబ్బు ఇమ్మని అడిగే సందేశం. పిన్ కొడితే మన ఖాతాలోంచే పోతుంది. డబ్బు అందుకోవడానికి ఏ పిన్నూ అక్కర్లేదు.

మోసం తప్పినందుకు ఆమె సంతోషపడలేదు. "పోనీలే, ఈసారికీ కొలువు లేదు," అంటూ లేచింది. నేను కూర్చోబెట్టి టీ చెప్పి, ఫోన్‌లో దగ్గరి ప్రకటనలు వెతికాను. తిరువొత్తియూరులో సెల్వం అని ఫ్యాక్టరీ ఉద్యోగి, ఇంకా పెద్ద కీబోర్డు కొనుక్కుని పాతది అమ్ముతున్నాడు.

"తమిళాయన గదా, నమ్మచ్చా?" అంది కమలక్క.

"ఇందాకటి మనోడి కంటేనా?" అన్నాను. పడీపడీ నవ్వింది.

సెల్వానికి ఫోన్ చేస్తే వీడియోలోనే ఒక పాట మొత్తం వాయించి చూపించాడు. అడ్వాన్సు అడగలేదు. ఆదివారం దుప్పట్లో చుట్టిన కీబోర్డుతో లోకల్ రైలెక్కి మా షాపుకే వచ్చాడు.

ప్రతి మెట్టూ నొక్కి చూశాను. కింది స్థాయిలో రెండు మెట్లు పలకలేదు. మెట్టు కింద రబ్బర్ కాంటాక్ట్ అని ఒక పట్టీ ఉంటుంది, అది అరిగితే స్వరం రాదు. ఆ రెండు మెట్ల సంగతి సెల్వమే ముందుగా చెప్పి ధర తగ్గించాడు. కమలక్క తమలపాకులు, వక్కలు అతని చేతిలో పెట్టి, ఫోన్ తెర మీద పేరు అతనిదే అని చదువుకుని, అప్పుడు డబ్బు పంపింది. పోయింది చూడమని ఫోన్ చూపించబోతే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"కోపం చేసుకోకండమ్మా," అన్నాడు తమిళంలో. "ఇట్లాంటి దొంగ స్క్రీన్‌షాట్ చూపించి నా గిటార్ ఒకడు పట్టుకుపోయాడు. నా బ్యాంకు మెసేజ్ రానివ్వండి."

నెట్‌వర్క్ ఆ రోజే మొరాయించింది. ముగ్గురం ఇంకో టీ తాగుతూ ఆ మెసేజ్ కోసం ప్రసవం గది బయట కూర్చున్నట్టు కూర్చున్నాం. అది టింగుమనగానే కమలక్క చప్పట్లు కొట్టింది.

పట్టీ మార్చి ఇచ్చాను. కొలువుకు సెల్వం దంపతులనూ నన్నూ పిలిచింది. కమలక్క వాయించడం మొదలుపెట్టింది, ఒకటి రెండు చోట్ల తడబడింది. ఇన్నేళ్ళూ ఆమె ముందు నోరు విప్పడానికి జంకిన ఆడవాళ్ళందరూ ఒక్కొక్కరే గొంతు కలిపారు. ఆమె పెదవులు కూడా కదిలాయి. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి, ప్రసాదంగా పెట్టిన సుండల్ గుగ్గిళ్ళలో మిరపకాయ తగిలిందని చెప్పి తప్పించుకున్నాను.

ఇప్పుడు పాత వాయిద్యం కొంటామని ఎవరు వచ్చినా, అమ్మేవాళ్ళను మా షాపుకే రమ్మంటాను. మాట విని కాదు, వాయిద్యం విని డబ్బివ్వండి అంటాను. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చని సర్ది చెప్పేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఆ పిన్ను అడిగినవాడికి కావలసింది డబ్బే. కానీ ఆ వేలు ఆగకపోయి ఉంటే, కమలక్క బొమ్మలు ఈనాటికీ అటక మీదే ఉండేవి.