అక్క కాళ్లు, నా చెయ్యి

నా చిన్నప్పుడు, ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం, టేకులపల్లి అవతల అడవి అంచున ఉన్న మా తాతయ్య ఇంటి ముందు ఒక ఉదయం ఉన్నవాళ్లూ ఉన్నవీ ఇవి. తాతయ్య, రెండు కళ్లలోనూ పొర కమ్మి. నానమ్మ, చేతిలో చీపురుతో. మా పెద్దనాన్న కూతురు, అంటే మా అక్క, పదో తరగతి పరీక్షలు రాసి. నేను, ఏడో తరగతి రాసి. సర్కారు వేలంలో కొన్న పాత జీపు, తలుపుల్లేనిది. జీపు బానెట్ మీద ఒక కోడి. ఎద్దులు లేవు. జీపు కొనడానికి తాతయ్య వాటిని అమ్మేశాడు. ఆ సంగతి నానమ్మ ఎవరినీ మర్చిపోనిచ్చేది కాదు.

జీపు తాళం చెవి తాతయ్య మొలతాడుకు కట్టి ఉండేది. కళ్లు మసకబారాక కూడా అక్కడే ఉంది. ఖమ్మం పెద్ద దవాఖానాలో డాక్టరు ఎండలు తగ్గాక రమ్మన్నాడు, ఆపరేషన్ అయ్యేదాకా బండి ముట్టవద్దన్నాడు. ఎండలు తగ్గడమంటే మా దగ్గర వానలు పడడమే. వానలు పడితే మా ఊరికీ బస్సు రోడ్డుకూ మధ్య వాగు వస్తుంది. ఊళ్లో ఉన్న ఎడ్లన్నీ అప్పటికి దుక్కుల్లో ఉంటాయి. వాగు దాటించగలిగింది జీపొక్కటే. మా నాన్న బొగ్గు గని వర్క్‌షాపులో షిఫ్టులు వదిలి రాలేడు. పెద్దనాన్నకు సైకిలు కూడా రాదు. తాతయ్య కళ్లు బాగుపడాలంటే ఆ వేసవిలో ఇంట్లో ఎవరో ఒకరు జీపు నేర్చుకోవాలి. మిగిలింది అక్క, నేను.

ఆ ఇద్దరిలో ఎవరికి ఆ సీటు దక్కాలో నాకు ఏ అనుమానమూ లేదు. నాన్న రెండు అన్నం పళ్లేలు ఎదురెదురుగా పెట్టి, కలిపితే ఒకదానితో ఒకటి ఎలా తిరుగుతాయో, విడదీస్తే ఎలా ఆగుతాయో చూపించి నాకు క్లచ్ అంటే ఏమిటో చెప్పాడు. గేరు ఎడమ కిందకు లాగితే ఒకటి, కుడి పైకి తోస్తే రెండు, కుడి కిందకు లాగితే మూడు, ఎడమ పైకి తోస్తే రివర్సు. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. అక్క క్లచ్‌ను ‘ఎడమ కాలుది’ అనేది. దానికి తెలిసింది అంతే.

తాతయ్య ముందు నన్నే ఎక్కించాడు. క్లచ్ అడుగు దాకా తొక్కాలంటే నేను సీటులోంచి కిందకు జారాలి. జారితే అద్దంలోంచి ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. జీపు రెండు గంతులు వేసి ఆగింది. ఊడుస్తున్న నానమ్మ చీపురు ఆపి, “బండి దానంతట అదే పోతున్నదేందే, లోపల పోరడు ఏడి?” అంది. తర్వాత అక్క కూర్చుంది. దాని పాదం పెడల్ మీద, గడప మీద పెట్టినంత తేలిగ్గా ఆనింది.

ఆ క్షణం నుంచి నేను మా అక్క కాళ్లను చూసి కుళ్లుకున్నాను. కొత్త చొక్కా చూసో, సైకిలు చూసో, మార్కులు చూసో కుళ్లుకునేవాళ్లుంటారు. అలాంటివి ఎప్పుడో ఒకప్పుడు తెచ్చుకోవచ్చు. మోకాలికీ మడమకూ మధ్య ఉన్న పొడవును ఎక్కణ్నుంచి తెచ్చుకుంటాం? రోజూ పొద్దున్నే తలుపు చట్టానికి ఆనుకుని నిలబడి బొగ్గుతో గీత గీసుకునేవాణ్ని. గీత మీద గీత పడి మందమయింది గానీ పైకి జరగలేదు.

అక్క మాత్రం రోజురోజుకూ జరిగింది. మొదట పెరట్లో, తర్వాత చేని గట్టు వెంట, ఆ తర్వాత వాగు ఒడ్డు దాకా. పోడు చేలకు పోయేవాళ్లు దారిలో నిలబడి చూసేవారు. నేను జీపు వెనక దుమ్ములో నడిచేవాణ్ని. అక్క క్లచ్ వదలడంలో తప్పు చేసి ఇంజను ఆగిపోయిన ప్రతిసారీ నాకు కడుపులో చల్లగా ఉండేది. మళ్లీ స్టార్టు కాగానే ఆ చల్లదనం పోయేది. అక్కతో మాట్లాడడం మానేశాను. అన్నానికి అది లేచాకే కూర్చునేవాణ్ని.

తాతయ్యకు ఇవేవీ కనిపించవు. కానీ ఇంట్లో ఒక గొంతు తగ్గిందని ఆయనకు వినపడినట్టుంది. ఒకరోజు నన్ను పిలిచి ఎడమ సీట్లో కూర్చోబెట్టాడు. నా కుడి చెయ్యి పట్టుకుని గేరు గుండు మీద పెట్టాడు.

“కాళ్లు దానియి, చెయ్యి నీది,” అన్నాడు.

“నా చెయ్యికేమైంది తాతయ్యా, మంచిగనే ఉన్నది గదా,” అంది అక్క.

“ఉంటే ఉండనీ. రెండు చేతులతోటి స్టీరింగు పట్టుకో. బండి కదిలినంక ఒక్క ముచ్చట ఇనబడొద్దు నాకు. నోరు ఎవ్వరిదీ గాదు. ఎప్పుడేం జెయ్యాల్నో ఇంజను జెప్తది, ఇద్దరూ ఇనుండ్రి.”

అలా ఒక జీపును ఇద్దరం నడపడం మొదలుపెట్టాం. అక్క క్లచ్ తొక్కిన క్షణానికే నేను గేరు కదపాలి. ఏ ఒక్కరు ముందున్నా వెనకున్నా పళ్లచక్రాలు ఒకదానితో ఒకటి రాచుకుని గరగరమంటాయి. నాకు ఉన్నది ఆ ఒక్క పనే కాబట్టి అవసరం ఉన్నా లేకపోయినా గేరు మార్చాలనిపించేది. అక్క నన్ను కొరకొరా చూసేది, నేను దాన్ని చూసేవాణ్ని. మాట్లాడే వీలు లేదు. వెనక సీట్లో తాతయ్య నవ్వేవాడు. “పండ్లు నూరుతున్నది మీరా, బండా?” అనేవాడు.

కొన్నాళ్లకు గరగర తగ్గింది. ఇంజను గొంతు ఒక ఎత్తుకు చేరగానే నా చెయ్యి గుండు మీదకు పోయేది. అక్క కంటి కొసతో నా చెయ్యి చూసేది. చెయ్యి పడితే దాని కాలు దిగేది. చివరికి గేరు పడిన చప్పుడు కూడా వినపడేది కాదు. వెనక తాతయ్య నిజంగానే కునుకు తీసేవాడు.

అయినా నా కుళ్లు పోలేదు. ఎందుకంటే జనానికి చెయ్యి కనిపించదు, స్టీరింగు కనిపిస్తుంది. ఒకసారి వాగు ఒడ్డున జీపు ఆపినప్పుడు, అవతలి గూడెం పెద్దాయన అక్కను మెచ్చుకుని, “మరి ఈ పిలగాడు ఎందుకు కూసున్నడు?” అని అడిగాడు. అక్క ఏమాత్రం ఆలోచించకుండా, “బరువుకు,” అంది.

తొలకరి పడింది. రాత్రంతా కురిసి వాగు వచ్చింది, తెల్లారేసరికి తగ్గింది, అయినా మోకాలి లోతు నీళ్లున్నాయి. దవాఖానాకు వెళ్లాల్సింది ఆ రోజే. ఆ ఆపరేషన్ల విడత తప్పితే మళ్లీ ఎప్పుడన్నది డాక్టరు చెప్పలేదు. తాతయ్యకు అప్పటికే ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో దానితో వెలుగూ నీడా మాత్రమే తెలిసేవి. ఆయన, నానమ్మ, సద్ది మూట వెనక సీట్లో. మేమిద్దరం ముందు.

గూడెం పెద్దాయన పంచె ఎగగట్టి కర్రతో నీళ్లలోకి దిగాడు. ఇసుక ఎక్కడ గట్టిగా ఉందో ఆయన పాదాలకు తెలుసు. మా వైపు వాగుకు దారి చూపించే పద్ధతి అదే. మనిషి ముందు నడుస్తాడు, బండి అతని వీపు చూసుకుంటూ వెళ్తుంది.

“ఒడ్డు మీదనే మొదటి గేరు,” అన్నాడు తాతయ్య. “నీళ్లల్ల గేరు మార్చేది లేదు, క్లచ్ తొక్కేది లేదు. ఇంజను మొత్తుకుంటే మొత్తుకోనీ.”

ఎందుకో నాకు తెలుసు. క్లచ్ తొక్కితే జీపు ఆగుతుంది. ఆగితే చక్రాలు ఇసుకలో దిగబడతాయి, సైలెన్సర్‌లోకి నీళ్లు ఎక్కుతాయి. ఆ జీపు ఇక ఆ రోజు కదలదు.

అక్క క్లచ్ తొక్కింది. నేను గుండును ఎడమకు, కిందకు లాగాను. గేరు పడింది. నా పని అక్కడితో అయిపోయింది. స్టీరింగు దానిది, యాక్సిలరేటర్ దానిది, రాబోయే మెప్పు దానిది. నేను నిజంగానే బరువుకు కూర్చున్నాను. ఏమీ చెయ్యాల్సింది లేకపోయినా చేతిని మాత్రం గుండు మీంచి తియ్యలేదు.

వాగు నడుమకు వచ్చేసరికి నీళ్లు కాళ్ల దగ్గరకు ఎక్కాయి. జీపు మందగించింది. ఇంజను గొంతు బరువుగా మూలిగింది. చేని గట్టు మీద అలాంటి మూలుగు వినపడినప్పుడల్లా మేం గేరు మార్చేవాళ్లం. ఇప్పుడు గుండును కాస్త బలంగా ముందుకు తోస్తే చాలు, బండి న్యూట్రల్‌లో పడి ఆగిపోతుంది. అందరూ అక్కనే అంటారు. ఆ ఆలోచన వచ్చి వెళ్లిపోలేదు. వచ్చి నా పక్కనే కూర్చుంది.

అప్పుడు అక్క ఎడమ కాలు చూశాను. అది నేల మీద లేదు. క్లచ్ పెడల్ మీద ఉంది. దాని కళ్లు గూడెం పెద్దాయన వీపు మీద లేవు, నా చేతి మీద ఉన్నాయి. తాతయ్య ఒడ్డున చెప్పిన మాట భయంలో ఎక్కడో జారిపోయింది. ఎండాకాలమంతా నేర్చుకున్నది మాత్రం మిగిలింది. నా చెయ్యి గుండు మీద ఉంటే దాని కాలు దిగడానికి సిద్ధంగా ఉంటుంది. దానికి తెలియకుండానే అది నా కోసం ఎదురుచూస్తోంది.

ఆ హోరులో మాట వినపడదు. చెయ్యి తీసేశాను. తీసి ఎక్కడ పెట్టాలో తోచక, రెండు చేతులూ ఎత్తి నెత్తి మీద పెట్టుకున్నాను, పోలీసులు పట్టుకున్న దొంగలాగా.

అక్క కాలు పెడల్ మీంచి జరిగి నీళ్లలో తడిసిన నేల మీద ఆనింది. దాని చూపు ముందుకు పోయింది. ఇంజను మొత్తుకుంది, మొత్తుకుంటూనే లాగింది. కాసేపటికి జీపు ముక్కు పైకి లేచింది, అవతలి ఒడ్డు కనిపించింది.

గూడెం పెద్దాయన పంచె కొస పిండుకుంటూ, “పిల్ల గట్టిదే, మంచిగ దాటించింది,” అన్నాడు. నాకు మళ్లీ మండింది.

రోడ్డెక్కాక అక్క ఇంజను ఆపి తాళం చెవి తాతయ్యకు ఇచ్చింది. బస్సు వచ్చేలోగా ఆయన తడుముకుంటూ నా దగ్గరకు వచ్చాడు.

“వాగుల చెయ్యి ఏడ వెట్టినవ్ రా?” అని మెల్లగా అడిగాడు.

“నెత్తి మీద.”

“అవ్. గేరు అలికిడి ఇనబడలే నాకు.”

అంతే అన్నాడు. అని తాళం చెవి నా అరచేతిలో పెట్టి, “అక్కకియ్యి,” అన్నాడు. ఆయనే ఇవ్వొచ్చు, అది పక్కనే నిలబడి ఉంది. కొంచెం సేపు పట్టుకుని నిలబడి, తర్వాత ఇచ్చాను. వాళ్లిద్దరూ బస్సెక్కాక, మేం తిరిగి వచ్చేటప్పుడు ఒడ్డున గేరు వేసి, నీళ్లు తగలకముందే చేతులు నెత్తిన పెట్టుకున్నాను. అక్క నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక ఒకే పళ్లెంలో తిన్నాం.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక తాతయ్య కళ్లద్దాలతో ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చున్న అక్కను పైనుంచి కింది దాకా చూసి, నా వైపు తిరిగి, “దాని కాళ్లేమంత పొడుగు లేవు గదరా,” అన్నాడు.

తర్వాత నా కాళ్లూ పెరిగాయి. ఇంజనీరింగ్ చదివాను, యంత్రాల మధ్యనే పని చేశాను, సొంతంగా కారు కొనుక్కుని నాలుగు అవయవాలతో నేనే నడుపుకున్నాను. కుళ్లు మాత్రం పూర్తిగా పోయే సరుకు కాదు. నాకు బాగా తెలిసిన పని ఇంకొకరి చేతికి వెళ్లినప్పుడు అది వచ్చి పక్కన కూర్చుంటుంది. కూర్చోనిస్తాను. నా చెయ్యి ఎక్కడుందో మాత్రం చూసుకుంటాను. ఎందుకంటే అవతలి మనిషి కాలు నా చేతిని నమ్ముకుని ఉండవచ్చు, ఆ సంగతి ఆ మనిషికి కూడా తెలియకపోవచ్చు.

వాగు మీద ఇప్పుడు వంతెన ఉంది. ఊరికి వెళ్లినప్పుడు కారు అక్కే నడుపుతుంది, నేను ఎడమ సీట్లో కూర్చుంటాను. వంతెన ఎక్కగానే అక్క కంటి కొసతో నా చేతుల వైపు చూస్తుంది. ఆ ఉదయం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నీళ్లలో నేను మార్చిన గేర్లు సున్నా.