ఇంటర్వ్యూ గదిలో రెండో మనిషి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది రాస్తూ కూడా ఆ మాట గట్టిగానే అంటున్నాను. హాస్టల్లో ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే, చాల్లే పడుకోండని లైటు ఆర్పేసేది నేనే.

మాది ప్రొద్దుటూరు. దూదేకుల వాళ్లం, ముస్లింలమే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. అమ్మ కువైట్‌లో ఎనిమిదేళ్లు ఇళ్లల్లో పని చేసి నన్ను చదివించింది, ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంది. బీఎస్సీ కెమిస్ట్రీ మూడో ఏడులో నేనొక విదేశీ స్కాలర్‌షిప్‌కు అప్లై చేశాను. జర్మనీలో ఒక సెమిస్టర్ చదువు, ఆపైన రెండు నెలలు ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్. ఖర్చంతా వాళ్లదే. చివరి ఇంటర్వ్యూ దాకా వచ్చాను. అమ్మ గిన్నెలు తోమడానికి దేశం దాటింది, నేను చదువుకోవడానికి దాటాలి. మా ఇద్దరికీ అంతకు మించిన ఆశ లేదు.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్లో. గదిలో రెండో మనిషి కనబడితే అప్లికేషన్ రద్దు. మా ఇంటికి రెండు పక్కలా మగ్గాలు, పొద్దంతా చప్పుడు. అందుకని జమ్మలమడుగులో మా మేనమామ ఇంటికి వెళ్లాను. మామ వాళ్లు కువైట్‌లో ఉంటారు. తాళంచెవి ఎదురింటి లక్ష్మీదేవక్క దగ్గర ఉంటుంది.

పట్టపగలు పదకొండు గంటలు. లోపల గడియ పెట్టుకున్నాను. వాళ్లు అడిగినట్టే ల్యాప్‌టాప్ తిప్పి నాలుగు గోడలూ చూపించాను. మంచం, ఇనుప బీరువా, అంతే. నా మొహం నాకే కనబడితే తడబడతానని తెర మీద నా బొమ్మ దాచేసుకున్నాను. ఎవరూ తలుపు తట్టకుండా లక్ష్మీదేవక్క వాకిట్లో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది.

ఇరవై నిమిషాలు బాగా నడిచింది. నీళ్లలో ఫ్లోరైడ్ గురించి అడిగారు. గడగడా చెప్పేశాను. ఉన్నట్టుండి ప్యానెల్‌లోని మేడమ్, పక్కనున్న పెద్దావిడను బయటికి పంపమంది. ఎవరూ లేరన్నాను. మళ్లీ గదంతా చూపించాను. అయినా కాల్ కట్ చేశారు.

రెండు రోజులకు మెయిల్ వచ్చింది, ఒక ఫోటోతో. అందులో నేను మాట్లాడుతున్నాను, వెనక ఇనుప బీరువా. నా కుడి పక్కన ఒక ముసలామె వంగి, నా జబ్బకు ఆకుపచ్చ గుడ్డ ముడి వేస్తోంది.

మా ఇళ్లల్లో దూరదేశం పోయేవాళ్లకు రూపాయి బిళ్ల గుడ్డలో చుట్టి కుడి జబ్బకు కడతారు. ఇమాం జామిన్ అంటారు. క్షేమంగా చేరాక ఆ బిళ్లను బీదవాళ్లకు ఇచ్చేస్తారు. అమ్మ కువైట్ పోయిన ప్రతిసారీ అవ్వ, అంటే అమ్మకు తల్లి, తన చేత్తో కట్టేది. కానీ ఆ రోజు నా చేతికి ఏమీ తగల్లేదు. ఒట్టేసి చెప్తున్నాను.

నా కళ్లను నేనే నమ్మలేక, ఏమీ చెప్పకుండా ఫోటోను లక్ష్మీదేవక్కకు పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

“మీ అవ్వ గదా పాపా ఇది. యాడిదీ ఫోటో? ఆ బీరువా మీ మామ పోయినేడు గదా కొనింది?”

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అవ్వ చనిపోయింది, ఆ గదిలోనే.

మెయిల్లో ఇంకో మాట ఉంది. ఆ రెండో మనిషి పేరు, నాతో బంధుత్వం రాసి, గుర్తింపు పత్రం జత చేస్తే మళ్లీ ఆలోచిస్తారట. గడువు ఐదు రోజులు. పక్కింటావిడ పొరపాటున వచ్చిందని రాసి క్షమాపణ అడగమన్నారు మా లెక్చరర్ సార్. పులివెందుల మనిషి, నా మేలు కోరేవారే. లక్ష్మీదేవక్క ఆధార్ కార్డు ఇస్తానని కూడా అంది. నేను సరేననబోయాను.

అమ్మ ఒప్పుకోలేదు. ఫోటోను చేత్తో నిమురుతూ అంది, “మాయమ్మను పట్టుకోని ఇంకెవురో అని ఎట్ల రాస్తావే నువ్వు?”

అవ్వ పేరే రాశాను. బంధుత్వం, అమ్మమ్మ. గుర్తింపు పత్రం కోసం అమ్మ ట్రంకుపెట్టె అంతా వెతికింది. అవ్వ పేరుతో దొరికింది ఒక్కటే కాగితం, మున్సిపాలిటీ వాళ్లు ఇచ్చిన మరణ ధ్రువీకరణ పత్రం. చివరి రోజు దాన్నే జత చేసి పంపాను.

జవాబు రాలేదు. సీటు పోయింది.

అవ్వ మీద నాకింకా కోపం తగ్గలేదు. బతికున్నన్నాళ్లూ నన్ను చంకన వేసుకుని తిప్పిన మనిషి, ఒక్క అరగంట ఆగి ఉంటే నేను వెళ్లేదాన్ని కదా అని ఏడుస్తాను. అసలు నేను వెళ్తున్నానని ఆమెకు ఎవరు చెప్పారో, ఎంత ఆలోచించినా నాకు తెలియడం లేదు.