శుక్రవారం దొరకని బౌలర్

ఈ అరబ్బు దేశపు ఎండలకు మా క్రికెట్ ఆగిపోయింది. వచ్చే సీజన్‌కి కొత్త బంతి ఎవరికివ్వాలో తేల్చుకోవడానికి ఈ సాయంత్రం ఫర్వానియాలో మా గదిలో కూర్చున్నాం.

"ఈసారి ఇద్దరు ఫాస్ట్ బౌలర్లని చూసుకోవాలండీ" అన్నారు కెప్టెన్ సత్తిబాబు గారు. ఆయనది అమలాపురం.

మాకున్న ఒక్క ఫాస్ట్ బౌలర్ రాయచోటి రఫీ. ముబారక్ అల్ కబీర్‌లో ఇంటి డ్రైవరు. శుక్రవారం మా మ్యాచ్ ఉంటుంది, ఆ రోజే కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, కుటుంబంతో షికారుకి బయల్దేరుతాడు.

"జోరుగా ఏసేవోళ్లు దొరుకుతార్లే అన్నా. వాళ్ల కఫీలు శుక్రవారం ఇడిచిపెడతాడా, ముందు అది అడగండి" అన్నాడు రఫీ.

అంతలో యజమాని ఇంటి నుంచి ఫోనొస్తే లేచి వెళ్లిపోయాడు.

మీ ఎరుకలో ఎవరైనా ఉంటే చెప్పండి. వేగం మేం నేర్పుతాం. శుక్రవారం మాత్రం వాళ్లే తెచ్చుకోవాలి.