ఒకవైపు సున్నం గుర్తులు

మామండూరు దాటి అడవిలోకి రెండు మైళ్ళు పోతే ఒక పాత బంగళా ఉండేది. దాని గేటు దగ్గర మొదలై, కుందేటికోన గట్టెక్కి, మూడు గుట్టలను చుట్టి, బంగళా వంటింటి వెనక దిగే కాలిదోవ ఏడు మైళ్ళు. ఆ దోవను ఇరవై ఏళ్ళుగా చూసుకుంటున్నవాడు అటవీశాఖ వాచరు పెంచలయ్య. అడ్డమొచ్చిన పొదలు నరకడం, వానకు కోసుకుపోయిన చోట రాళ్ళు పేర్చడం, చెట్లకు సున్నం గుర్తులు పెట్టడం అతని పని.

గుర్తు పెట్టడానికి అతనికొక పద్ధతి ఉంది. ఈతమట్ట కొనను రాతిమీద నలగ్గొట్టి కుంచె చేసుకుంటాడు. వానకు కారిపోకుండా సున్నంలో తుమ్మబంక కలుపుతాడు. అరచేయంత మచ్చ, మనిషి రొమ్మెత్తున. ఒక గుర్తు దగ్గర నిలబడితే తర్వాతది కనపడాలి. కనపడకపోతే అది గుర్తు కాదు, ఉత్త సున్నం.

భార్య ఆనందమ్మ బతికున్నన్నాళ్ళూ సున్నపు ముంత ఆమే మోసేది. ఆమె పోయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. ఎప్పుడన్నా తిరుపతి నుంచి కాలేజీ పిల్లలో, ఆఫీసర్ల చుట్టాలో వస్తే పెంచలయ్య వాళ్ళ ముందు నడిచేవాడు. ఆ రోజుల్లోనే అతని నోరు విచ్చుకునేది. తక్కిన రోజుల్లో మాటలన్నీ బంగళాలో వంట చేసే నాగులమ్మతోనే.

"ఏం పెంచలన్నా, ఈ పొద్దు చెట్లేమన్నాయి?"

"నీ చారులో కన్నా మా బెరడులోనే ఉప్పెక్కువ ఉండాదన్నాయి."

ఎనభైమూడు కార్తీకంలో జయరామ్ అనే కుర్ర రేంజరు కొత్తగా వచ్చాడు. పనికిరాని దోవలు మూసి, వాటి వాచర్లను టౌన్లోని నర్సరీకి పంపమని పైనుంచి కాగితం వచ్చిందట.

"కొత్తవాడు ఒంటరిగా నడిచి తిరిగి రాగలిగితే దోవ ఉంటుంది. లేదంటే మూసేద్దాం. నేనే నడిచి చూస్తాను" అన్నాడు.

"పోయి రండి సార్. కండ్లుంటే సాలు" అన్నాడు పెంచలయ్య.

పొద్దున ఎనిమిదికి పోయిన మనిషి మధ్యాహ్నానికి రావాలి. సాయంత్రం నాలుగుకు వచ్చాడు. చొక్కా చేయి చిరిగింది, మోచేయి గీరుకుపోయింది.

"గుర్తులన్నావే, ఒక్కటీ లేదేం?"

పెంచలయ్య అడిగాడు. "ఎట్నించి పోయినారు సార్?"

"వంటింటి వెనక నుంచి. అటు ఎక్కడం తేలిక కదా."

పెంచలయ్యకు అప్పుడు తెలిసింది. ఆ చుట్టుపక్కల ఎవరూ గుట్టను ఎడమచేతికి పెట్టుకుని చుట్టరు. గుట్టయినా, గుడయినా కుడిచేతి వైపే ఉండాలి. గేటు నుంచి పోయేవాడికే కనపడేలా ఇరవై ఏళ్ళు ప్రతి చెట్టుకూ ఒకే వైపు సున్నం పూశాడు. ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడలేదు.

"అట్ట ఎవురూ నడవరు సార్."

"నేను నడిచాను. రేపు ఇంకొకడు నడుస్తాడు. వారం టైమిస్తాను."

అతను లోపలికి పోయాక నాగులమ్మ గొంతు తగ్గించింది. "ఎడమ సుట్టు సుడతావా అన్నా? మనిషి పోయినప్పుడు సుట్టేది గదా అది."

"ఒకసారి సుట్టినాను గదా, ఆనందమ్మ సితికి" అన్నాడతను.

మర్నాడు ముంత పట్టుకుని వంటింటి వెనక నుంచి ఎక్కాడు. మైలు దాటేసరికి అది తను ఎరిగిన దోవలా లేదు. ఎక్కే చోట దిగాడు, దిగే చోట ఎక్కాడు. అటు నుంచి ముందుగా వచ్చే మూడో గుట్ట మీద, దోవ చీలిక దగ్గర తప్పి ముళ్ళవాగులో పడ్డాడు. రేంజరు చొక్కా ఎక్కడ చిరిగిందో అక్కడే తన పంచె కూడా చిరిగింది. అతని మీద కోపం అక్కడితో పోయింది. వెనక్కి వచ్చి ఆ చీలిక దగ్గర రెండు మచ్చలు పెట్టాడు.

రెండో గుట్ట వంపు తిరిగేసరికి కింద మైదానం, రైలు పట్టా, కోడూరు వైపు పోతున్న బండి ఒక్కసారిగా కంటబడ్డాయి. ఇన్నేళ్ళూ అది అతని వీపు వెనకే ఉండేది. "సూడు" అన్నాడు పక్కకు తిరిగి. పక్కన ఎవరూ లేరు. ముంత తన చేతిలోనే ఉంది.

అన్ని చెట్లకూ రెండోవైపు గుర్తులు పెట్టడానికి ఐదు రోజులు పట్టింది. ఎనిమిదో నాడు జయరామ్ మళ్ళీ వంటింటి వెనక నుంచే పోయాడు. వెంట వస్తానంటే వద్దన్నాడు. పన్నెండున్నరకల్లా గేటులోంచి వచ్చాడు.

"దోవ ఉంటుంది, రాసేస్తాను. ఒక్కచోట కూడా నిన్ను కేకేయాలనిపించలేదయ్యా. ఇకమీదట వచ్చేవాళ్ళ వెంట నువ్వు పోనక్కర్లేదు."

"సరే సార్" అన్నాడు పెంచలయ్య. అంతకంటే పెద్ద మెప్పు ఆ పనిలో లేదని అతనికి తెలుసు.

సంక్రాంతి దాటాక కాలేజీ పిల్లలు పదకొండు మంది వచ్చారు. బంగళా దగ్గర కొత్తగా పెట్టిన దోవ బోర్డు చదువుకుని వాళ్ళంతట వాళ్ళే వంటింటి వెనక నుంచి ఎక్కారు. వాళ్ళ మాటలు మొదటి మలుపు దాకా వినపడి ఆగిపోయాయి. పెంచలయ్య కాసేపు వరండాలో కూర్చున్నాడు. తర్వాత కత్తి తీసుకుని గేటు వైపు నుంచి బయల్దేరాడు. అట్నుంచి వాళ్ళు, ఇట్నుంచి తను. నడిమధ్యలో ఎదురుపడక తప్పదు.

రెండో గుట్ట మీద ఎదురుపడ్డారు. దోవ సన్నం. వాళ్ళు మర్యాదగా పక్కకు ఒదిగారు. "నమస్తే పెద్దాయనా" అన్నాడొకడు. ఎవరూ ఆగలేదు. దోవ అడగాల్సిన పని వాళ్ళకు లేదు.

చివరి పిల్లవాడు కూడా చెట్ల చాటుకు పోయేదాకా చూసి, దోవలోకి చేయి చాపిన ఒక ముళ్ళకొమ్మను మొదలంటా నరికి, అతను ముందుకు నడిచాడు.